చెరువు దగ్గర రెండో మనిషి పడిపోకూడదు

ఎప్పుడూ ఫోన్లు, యాప్‌లు, జీతాలు అని మాట్లాడుకుంటాం కదా, ఈ వారం గట్టు మీదకి వెళ్దాం. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటి మీద పనిచేసే మనుషులు. పనిలో ప్రాణాలు ఎందుకు పోతున్నాయి, పోకుండా ఏం చేయొచ్చు అన్నది ఈ ఎపిసోడ్. ఏలూరు, భీమడోలు, నిడమర్రు, కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మీ ఇల్లు ఉంటే ఇది మీ ఇంటి సంగతే. మీకు చెరువు లేకపోయినా మీ మావయ్యకో, పక్కింటాయనకో ఉంటుంది.

ముందు నా కథ చెప్తాను. బీటెక్ రెండో సంవత్సరం అయ్యాక వచ్చిన వేసవి సెలవులు. మా బాబాయ్ నిడమర్రు వైపు నాలుగెకరాల చెరువు లీజుకి తీసుకుని వనామి రొయ్య వేశాడు. నేను సరదాగా వెళ్ళి రాత్రి షెడ్డులోనే పడుకున్నా. తెల్లవారుజామున ఒక ఏరేటరు తిరగడం లేదని కాపలా ఉండే అన్న నీళ్లలోకి దిగాడు. నడుంలోతు కూడా లేదు. ఏరేటరు ఫ్రేము మీద చెయ్యి వేశాడు. అంతే. అరవలేదు, గింజుకోలేదు. బిగుసుకుపోయాడు, ముఖం నీళ్లలోకి వాలిపోయింది.

నేను గట్టు మీదున్నా. ఆలోచించలేదు, పరిగెత్తా. ఒక కాలు నీళ్లలో పెట్టా కూడా. మోకాలి దాకా జివ్వుమంది, చీమలు పాకినట్టు. వెనక నుంచి మా పిన్ని కేక: "ఒరేయ్, దిగకురా! దిగితే నువ్వూ పోతావ్!" అలా అరుస్తూనే ఆవిడ షెడ్డు దగ్గరున్న మెయిన్ స్విచ్ కిందకి లాగేసింది. అప్పుడు దిగాం. బయటికి లాగాం.

పిన్ని పదో తరగతి దాకా చదివింది. నేనేమో అప్పటికి ఓమ్స్ లా మీద పరీక్షలు రాసి పాసైనవాణ్ణి. స్విచ్ గుర్తొచ్చింది ఆవిడకి, నాకు కాదు. తర్వాత అడిగితే చెప్పింది. వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఒకాయన మోటారు దగ్గర షాక్ కొట్టి పడిపోతే, లాగబోయిన తమ్ముడు కూడా పోయాడట. "మొదటోడు తెలీక పోయాడు. రెండోవాడు ప్రేమతో పోయాడు" అంది.

ఆ అన్న బతికాడు. కుడిచెయ్యి కాలింది. రెండు వేళ్లు ఇప్పటికీ సరిగ్గా మడవలేడు. ఆసుపత్రి ఖర్చు బాబాయ్ పెట్టాడు. అంతకుమించి మేమేమీ చేయలేదు, అదీ చెప్పాలి. ఎందుకంటే తప్పు మాదే. షాక్ నుంచి కాపాడే పరికరం మా బోర్డులో ఉంది. అది రాత్రిళ్లు ఊరికే పడిపోతోందని రెండు నెలల ముందే దాన్ని తప్పించి వైరు పక్క నుంచి కలిపేశారు. ఆ సంగతి బాబాయ్‌కి తెలుసు, ఎలక్ట్రీషియన్‌కి తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది నీళ్లలోకి దిగిన అన్నకి ఒక్కడికే.

అందుకే ఈరోజు నేను చెప్పేది ఒక్కటే మాట. పొలం పనిలో పెద్ద ప్రమాదాలు రెండు అంచెల్లో చంపుతాయి. మొదటి మనిషి పని చేస్తూ పడతాడు. రెండో మనిషి కాపాడబోయి పడతాడు. మొదటి మనిషి పడకుండా వస్తువులు బాగుచేయాలి. రెండో మనిషి పడకుండా మన బుర్రలు బాగుచేయాలి. ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది ఆ రెండో మనుషులే. గట్టు మీద వయసులో ఉన్నవాళ్లు, వేగంగా పరిగెత్తేవాళ్లు మీరే కదా.

కరెంటు: ఎంసీబీ మిమ్మల్ని కాపాడదు

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను, భయపడకండి. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. పొడి చర్మం కరెంటుని బాగానే అడ్డుకుంటుంది. కానీ ఒళ్ళు తడిసి, కాళ్లు నీళ్లలో ఉంటే ఆ అడ్డు దాదాపు 1,000 ఓమ్‌లకి పడిపోతుంది. 230ని 1,000తో భాగిస్తే 0.23 యాంపియర్లు, అంటే 230 మిల్లీ యాంపియర్లు.

ఇది ఎక్కువా తక్కువా? సుమారు 10 మిల్లీ యాంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్నది వదల్లేం. 30 దాటి కాసేపు ఉంటే ఊపిరి కష్టం, గుండె లయ తప్పే ప్రమాదం. మన లెక్కలో వచ్చింది 230.

ఇప్పుడు స్టార్టరు బోర్డులో ఉండే ఎంసీబీ చూడండి. దాని మీద 16 అనో 32 అనో రాసి ఉంటుంది. 16 యాంపియర్లు అంటే 16,000 మిల్లీ యాంపియర్లు. మనిషిని చంపే కరెంటు దానికి అసలు లెక్కలోకే రాదు. ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా, మోటారు కోసం. మనిషి కోసం కాదు. ఇక ఫ్యూజులో రాగి తీగ రెండు మూడు పోగులు చుట్టేసి ఉంటే, దాని గురించి మాట్లాడనక్కర్లేదు.

"మాకు ఎర్త్ ఉందండీ" అంటారు. మంచిదే, ఉండాలి. కానీ ఎర్త్ రాడ్డు తుప్పు పట్టి, క్లాంపు వదులై, ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకోండి. ఏరేటరు బాడీకి ఫేజు తగిలితే 230ని 20తో భాగిస్తే పదకొండున్నర యాంపియర్లు భూమిలోకి పోతాయి. 16 యాంపియర్ల ఎంసీబీ పడదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఫ్రేములో కరెంటు అలాగే ఉంటుంది. చూడటానికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. భయం అక్కడే.

దీనికి మందు ఆర్సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. అది చేసే పని మన ఊరి గుమస్తా పనే. వెళ్లిన కరెంటు ఎంత, తిరిగొచ్చింది ఎంత అని ప్రతి క్షణం లెక్క చూస్తుంది. లెక్కలో 30 మిల్లీ యాంపియర్లు తేడా వస్తే, అది ఎక్కడో భూమిలోకో మనిషిలోకో పోతోందని అర్థం. సెకనులో మూడో వంతు లోపే ఆపేస్తుంది. మూడు ఫేజుల మోటార్లకి నాలుగు పోల్స్ ఉన్నది, 30 మిల్లీ యాంపియర్లది అడగండి. దుకాణంలో 100, 300 రకాలు కూడా ఉంటాయి. అవి మంటలు రాకుండా చూసేవి. మనిషికి 30.

రైతు దాన్ని ఎందుకు తీసేస్తాడు

ఇప్పుడు రైతు వైపు నుంచి మాట్లాడదాం. మా బాబాయ్ చెడ్డవాడు కాదు. రొయ్యల చెరువులో రాత్రి ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున మరీ తక్కువ. ఆ టైములో ఏరేటర్లు ఆగిపోతే కొన్ని గంటల్లో పంట తేలిపోతుంది. లక్షల అప్పు నీళ్ల మీద తెల్లగా తేలుతుంది. కాబట్టి అర్ధరాత్రి రెండుసార్లు పడిపోయే ఆర్సీసీబీ ఆయన కంటికి కాపాడే వస్తువు కాదు, పంటని చంపే వస్తువు.

కానీ అది "ఊరికే" పడిపోవడం లేదు. పొడవాటి కేబుళ్లు, టేపు చుట్టిన జాయింట్లు, ఎలుకలు కొరికిన చోట్లు, తడి పట్టిన మోటారు వైండింగు, ఇవన్నీ కొంచెం కొంచెం లీకవుతాయి. పది ఏరేటర్లకి ఒకే ఆర్సీసీబీ పెడితే పది లీకులూ కలిసి 30 దాటేస్తాయి. అది అబద్ధం చెప్పడం లేదు, పాపం, నిజమే చెబుతోంది.

దారి ఏంటంటే, పంచేయడం. రెండు మూడు ఏరేటర్లకి ఒక ఆర్సీసీబీ చొప్పున పెట్టండి. ఒకటి లీకైతే ఆ రెండు మూడే ఆగుతాయి, చెరువు మొత్తం ఆగదు. ఏది పడిందో చూస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది. ఏదైనా పడగానే సైరన్ మోగేలా, లేదా ఫోన్‌కి కాల్ వచ్చేలా పెట్టించండి. ఖర్చు అవుతుంది, నిజమే. కానీ చెరువుకి పెట్టే మేత, పిల్ల, మందుల ఖర్చు పక్కన పెట్టి చూడండి, అది ఎంతో మీకే తెలుస్తుంది.

నీళ్లలో జాయింట్లు వద్దు. తప్పకపోతే జాయింటు డబ్బాలో పెట్టి, నీటి మట్టానికి పైన స్తంభానికి కట్టండి. ఆర్సీసీబీ మీద 'టీ' అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. ఠక్కున పడాలి. పడకపోతే అది బోర్డులో ఉన్న అలంకారం, మార్చేయండి. అయితే ఆ బటన్ చెప్పేది పరికరం సంగతే, ఎర్త్ సంగతి చెప్పదు. ఏడాదికోసారి, ముఖ్యంగా ఎండాకాలంలో, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ టెస్టర్ పెట్టి కొలిపించండి.

ఫోన్‌తో వచ్చే కొత్త ప్రమాదం

ఇది మన జనరేషన్ ప్రమాదం. ఇప్పుడు సిమ్ కార్డు పెట్టిన మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. ఏలూరులో కూర్చుని చెరువు మీద మోటారు ఆన్ చేయొచ్చు. చాలా బాగుంది. కానీ మీరు ఆన్ నొక్కే నిమిషంలో అక్కడ ఎవరైనా ఏరేటరు రెక్కల్లో చిక్కిన నాచు తీస్తుంటే? ఆటో స్టార్టర్లది కూడా ఇదే కథ. కరెంటు పోయిందని మనిషి దిగుతాడు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే లేస్తుంది.

కాబట్టి నీళ్లలోకి దిగేముందు స్విచ్ ఆపడం ఒక్కటే సరిపోదు. ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి, లేదా మెయిన్ కట్ చేసి బోర్డుకి తాళం వేసుకోవాలి. తాళంచెవి దిగే మనిషి దగ్గరే ఉండాలి. యజమాని దగ్గర కాదు, మేనేజర్ దగ్గర కాదు. ఫ్యాక్టరీల్లో దీన్ని లాకౌట్ అంటారు. గట్టు మీద దీనికి ఒక తాళంకప్ప చాలు.

వరద వచ్చినప్పుడు ఇంకో జాగ్రత్త. కొల్లేరు ఒక పళ్లెం లాంటిది. బుడమేరు, తమ్మిలేరు లాంటివన్నీ అందులోకే వస్తాయి, సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది గుర్తుందా? ఆ నీళ్లకి కింద దారి కొల్లేరే. అలాంటి రోజుల్లో స్టార్టరు బోర్డులు, మోటార్లు మునుగుతాయి. నీళ్లు తీశాక "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనొద్దు. ఆరబెట్టి, ఇన్సులేషన్ కొలిపించాకే ఆన్ చేయండి.

ఎవరైనా కరెంటుకి పడిపోతే

వరసగా చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, ఆగండి. నీళ్లలోకి దిగొద్దు, మనిషిని ముట్టుకోవద్దు. నీళ్లలో కాలు పెట్టగానే జివ్వుమంటే వచ్చిన దారినే వెనక్కి రండి.

రెండు, మెయిన్ ఆపండి. అది ఎక్కడుందో ఈరోజే తెలుసుకోండి. అప్పుడు వెతకడానికి టైముండదు.

మూడు, స్విచ్ ఆపడం కుదరకపోతే, అదీ మోటారు లైను అయితేనే, మీరు పొడి చోట నిలబడి పొడి ప్లాస్టిక్ పైపుతో వైరుని గానీ మనిషిని గానీ దూరంగా నెట్టండి. తడి వెదురుబొంగులో కరెంటు వస్తుంది, అది వాడొద్దు.

నాలుగు, పైన పోయే 11 కేవీ లైను అయితే ఏ కర్రా పనికిరాదు. దగ్గరికే వెళ్లొద్దు, కనీసం పది మీటర్ల దూరం. 1912కి ఫోన్ చేసి లైను ఆపించాలి. ఇది ముఖ్యంగా మెట్ట ప్రాంతం వాళ్ళకి. పెదవేగి, ద్వారకా తిరుమల, కామవరపుకోట వైపు పామాయిల్ తోటలు ఉన్నాయి కదా. పెదవేగిలో పామాయిల్ పరిశోధనా సంస్థే ఉంది. ఎత్తు చెట్ల గెలలు కోయడానికి అల్యూమినియం గడలు వాడతారు. తేలిక, పొడవు, చేతికి బాగుంటాయి. పైన తీగ తగిలితే మాత్రం గడే వైరు అయిపోతుంది. లైను కింద వరస చెట్లకి అల్యూమినియం గడ వాడొద్దు. మొక్క నాటేటప్పుడే లైను కింద జాగా వదిలేస్తే ఇంకా మంచిది.

ఐదు, కరెంటు ఆగిందని తెలిశాక బయటికి లాగండి. 108కి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. "ఎవరైనా చేయండి" అంటే ఎవరూ చేయరు, వేలు పెట్టి చూపించి "నువ్వు చెయ్" అనండి. మనిషి కదలకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కండి. ఐదారు సెంటీమీటర్లు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నీళ్లు మింగిన మనిషికి ఊపిరి ఊదడం కూడా ముఖ్యం, నేర్చుకున్నవాళ్లైతే 30 నొక్కులకి రెండు ఊపిరులు. కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం వద్దు. అవి విలువైన నిమిషాలు తినేస్తాయి.

గ్యాస్: వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్టు కాదు

రెండోది కంటికి కనపడదు. 2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలో ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేసే పనిలో విషవాయువు పీల్చి ఐదుగురు చనిపోయారు. ఒక ట్యాంకు, ఐదుగురు.

చేప, రొయ్య వ్యర్థాలు, పేడ, మురుగు, ఇలాంటివి గాలి ఆడని చోట కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. చెరువు అడుగున నల్లమట్టి తొక్కితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది చూశారా, అదే. బయట గాలికి అది చెదిరిపోతుంది. కానీ అది గాలి కంటే బరువు. ట్యాంకులో, గొయ్యిలో, పాత బావిలో అడుగున పేరుకుంటుంది. పై నుంచి చూస్తే ఏమీ ఉండదు.

దీని అసలు మోసం వాసనలో ఉంది. కొంచెం ఉన్నప్పుడు కంపు కొడుతుంది. గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు, ఆ స్థాయికి చేరేసరికి ముక్కుకి వాసన పట్టే శక్తి పోతుంది. "ఇందాక కంపు వచ్చింది, ఇప్పుడు లేదు, పర్లేదు" అని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ఇంకా ఎక్కువైతే ఒకటి రెండు ఊపిరులకే కూలిపోతాడు.

పైనున్నవాడికి ఏం కనిపిస్తుంది? తనతో టీ తాగిన మనిషి కింద పడి ఉన్నాడు. కళ్ళు తిరిగాయేమో అనుకుంటాడు. దిగుతాడు. ఇలాంటి మూసిన చోట్ల జరిగే చావుల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవే అని అమెరికాలో కార్మికుల భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. మా పిన్ని ఏ రిపోర్టూ చదవలేదు. ఆవిడ చెప్పింది కూడా అదే.

ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే గ్యాస్ ఆగదు. కరోనా మాస్కులూ ఆపవు. దీపం దించి చూసే పద్ధతి ఆక్సిజన్ ఉందో లేదో చెప్పగలదేమో గానీ, ఈ విషం ఉందో లేదో చెప్పదు. పైగా మండే గ్యాస్ ఉంటే అంటుకుంటుంది. ట్యాంకు శుభ్రం చేయాలంటే బయట నుంచే పంపు పెట్టి తోడించండి. మనిషిని దింపక తప్పని పని అయితే అది గ్యాస్ కొలిచే మీటరు, గాలి పంపే బ్లోయరు, నడుముకి బెల్టు, తాడు, పైన లాగే మనుషులు ఉన్నవాళ్ల పని. ఇవి లేకపోతే ఆ రోజు పని లేదు. ఎవరైనా పడితే దిగొద్దు. తాడు కట్టి ఉంటే పైనుంచి లాగండి. లేకపోతే 101కో 112కో ఫోన్ చేసి, కుదిరితే బ్లోయరుతో గాలి పంపండి. చేతులు కట్టుకుని పైన నిలబడటం చాలా కష్టం, నాకు తెలుసు. కానీ దిగితే ఫైర్ వాళ్లు ఇద్దర్ని తీయాలి.

మందు: రెండో మనిషి ఇంట్లోనే ఉంటుంది

మూడోది పురుగుమందు. ఇందులో రెండో మనిషి పరిగెత్తుకుంటూ రాదు. సాయంత్రం ఆ చొక్కా ఉతుకుతుంది.

చాలా పురుగుమందులు చర్మం గుండా లోపలికి పోతాయి. స్ప్రే చేసిన మనిషి బట్టలు ఇంట్లో అందరి బట్టలతో కలిపి నానబెడితే, వాటిని చేత్తో పిండే అమ్మకి, చెల్లికి ఆ మందు అంటుతుంది. ఖాళీ అయిన డబ్బాలో నీళ్లు పట్టుకెళ్తారు. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి కిటికీలో పెడతారు. పిల్లాడికి అది కూల్‌డ్రింకే.

ఏలూరు వాళ్ళకి 2020 డిసెంబరు చెప్పక్కర్లేదు. 5వ తేదీ నుంచి జనం ఉన్నట్టుండి మూర్ఛలు, కళ్లు తిరగడం, వాంతులతో ఆసుపత్రికి చేరారు. 600 మందికి పైగా. ఎయిమ్స్, నీరి లాంటి సంస్థల నిపుణులు వచ్చి పరీక్షించారు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని తేల్చారు. పొలంలో కొట్టిన మందు పొలంలోనే ఉంటుందని మనం అనుకుంటాం. టౌన్‌లో ఉంటే మనకి సంబంధం లేదనుకుంటాం. ఆ డిసెంబరు తర్వాత అలా అనుకోవడం కష్టం.

డబ్బా మీద ఒక రంగు ముక్క ఉంటుంది, అది చూడటం నేర్చుకోండి. ఎరుపు అంటే అత్యంత విషం. తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే తాగొచ్చని కాదు, మిగతా వాటి కంటే విషం తక్కువ అని మాత్రమే. గాలికి ఎదురుగా కొట్టొద్దు. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదొద్దు. చేతులకి రబ్బరు గ్లౌజులు, పూర్తి చేతుల చొక్కా. బట్టలు విడిగా, గ్లౌజులతో ఉతకాలి. ఖాళీ డబ్బాకి కన్నం పెట్టేయండి, ఇంకెవరూ వాడకుండా.

ఎవరికైనా చెమటలు, నోట్లో నురగ, వాంతులు, కంటిపాప సూదిమొనలా చిన్నది కావడం కనిపిస్తే మందు ఎక్కిందని అనుమానించండి. గ్లౌజులో, ప్లాస్టిక్ సంచులో చేతులకి తొడుక్కుని, ఆ బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బుతో కడగండి. బలవంతంగా వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు పట్టించొద్దు. 108కి ఫోన్ చేయండి. డబ్బా లేబుల్ ఫోటో తీయండి. అది చాలా ముఖ్యం. కొన్ని మందులకి అట్రోపిన్ లాంటి విరుగుడు ఉంది, కొన్నింటికి లేదు. ఏ మందో తెలిస్తే డాక్టరుకి మొదటి పది నిమిషాలు కలిసొస్తాయి. ఫోన్ ఉన్నందుకు అప్పుడు నిజంగా పనికొస్తుంది.

ఈ ఆదివారం చేయండి

చివరగా ఒక మాట. గట్టు మీద మొదటి మనిషి చాలాసార్లు యజమాని కాదు. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో కుటుంబంతో వచ్చి షెడ్డులో ఉండే మనిషి. బోర్డులో ఏం తీసేశారో అతనికి ఎవరూ చెప్పరు. తెలుగు బోర్డు రాసినా చదవలేకపోవచ్చు. కాబట్టి చెప్పండి, చూపించండి, బొమ్మ గీయండి.

ఈ ఆదివారం చెరువు దగ్గరికి వెళ్ళండి. బోర్డు తెరిచి ఆర్సీసీబీ ఉందా చూడండి. 'టీ' బటన్ నొక్కండి. నొక్కేముందు బాబాయ్‌కో నాన్నకో చెప్పండి, లేకపోతే తిడతారు. పక్క నుంచి వైరు కలిపేసి ఉంటే, ఎందుకు కలిపారో ముందు వినండి, తర్వాత పంచి పెట్టించే సంగతి మాట్లాడండి. "తప్పు చేశారు" అంటే ఎవరూ వినరు. "పంట ఆగకుండా మనిషి కూడా బతికేలా చేద్దాం" అంటే వింటారు. మెయిన్ స్విచ్‌కి ఎర్ర రంగు వేయండి. ఒక పొడి ప్లాస్టిక్ పైపు షెడ్డు గోడకి తగిలించండి, అది ఇంకే పనికీ వాడొద్దు. 108, 101, 1912 గోడ మీద పెద్దగా రాయండి. అక్కడ పనిచేసే వాళ్ళకి బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వయసు వాళ్ళకి, ప్రమాదంలో పోతే కుటుంబానికి 2 లక్షలు. ఫోన్‌లో మీరే చేసిపెట్టొచ్చు. మేం ఆ అన్నకి చేయని పని అది.

పాము కాటు గురించి అడుగుతున్నారు, దానికి వేరే ఎపిసోడ్ కావాలి, చేస్తాను.

బాబాయ్ ఇప్పుడు కూడా రొయ్యలే వేస్తున్నాడు. బోర్డులో నాలుగు ఆర్సీసీబీలు ఉన్నాయి. అర్ధరాత్రి ఒకటి పడితే నాకే ఫోన్ చేసి తిడతాడు, "నీ ఇంజనీరింగ్ వల్ల నిద్ర లేదురా" అని. పర్లేదు అండి. నిద్ర పోతే పోనీ.

ఈ వీడియో చెరువులున్న మీవాళ్ళకి ఒక్కరికైనా పంపండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.